పోయిన కారు తాళపుచెవి

మన యిండ్లలో తాళపుచెవికి ఒక స్థానము కలదు. వీధివాకిటి ప్రక్కనున్న మేకు కావచ్చును, దేవుని గూటి మూల కావచ్చును, పెద్దకోడలి నడుము కావచ్చును. ఇంటి పెత్తనము ఎవరిదో గుత్తి ఎవరి యొద్దనున్నదో చూచి చెప్పెడివారు. మన నెల్లూరి వాడుకలో తాళమును బీగమనుట కూడ కలదు. పేరేదైనను దాని చెవిని గూర్చి మనకున్న జాగ్రత్త ఒక్కటియే. ఇటీవలి కాలమున ఆ గుత్తిలో కారు చెవి యొకటి చేరినది. చూచుటకు అదియు చెవియే. కాని దాని తలలో గోధుమగింజంత వస్తువు దాగియున్నది. దానిని చిప్పు అందురు. అది పోయిననాడు గాని దాని వెల మనకు తెలియదు. మాకు తెలిసివచ్చిన తీరును, దానివలన నేర్చుకొన్న నాలుగు మాటలను నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

కొన్నియేండ్ల క్రిందటి మాట. కార్తిక పౌర్ణమినాడు కుటుంబముతో మైపాడు వెళ్లితిమి. నెల్లూరికి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న ఆ తీరమున నాడు సముద్రస్నానమునకు వేలమంది వత్తురు. మా కారు అంతకు ఆరు నెలల క్రిందట మరియొకరి యొద్ద కొన్నది. అమ్మినవారు ఒకే చెవి ఇచ్చిరి. రెండవదేదని మేము అడిగితిమి. ఎక్కడనో పోయినదనిరి. ధరలో కొంత తగ్గించిరి. తగ్గిన ధరను చూచి సంతోషించితిమే గాని, లేని చెవిని గూర్చి మరల తలపోయలేదు.

స్నానమునకు దిగునపుడు ఆ చెవిని చొక్కా జేబులోనే మరచితిమి. మూడవ అల వచ్చి పోయిన తరువాత జేబు తడుముకొంటిమి. చెవి లేదు. పిల్లలు మునుగువారు, మేము వెదకువారము. అలతో వచ్చిన ఇసుక అలతోనే పోవుచున్నది. వలలు ఆరవేయుచున్న పెద్దాయన యొకడు మా అవస్థ చూచి దగ్గరకు వచ్చెను. "అయ్యా, వెదకబాకండి. సముద్రం తీసుకున్నది తిరిగిస్తుందిగానీ, మనం అడిగిన రోజున ఇవ్వదు" అనెను. ఆ మాటతో మా వెదకులాట ముగిసినది.

కారులో మా తల్లిగారి మందుల సంచి యున్నది. ఆమెకు మధుమేహము. మధ్యాహ్నపు భోజనమునకు ముందు ఇన్సులిను తీసికొనవలెను. అదృష్టవశమున వెనుక అద్దము రెండంగుళములు దించియుంటిమి. ప్రక్కనున్న టాక్సీ డ్రైవరు ఒక తీగను వంచి లోనికి దూర్చి, గడియను లాగి తలుపు తెరచెను. సంచి చేతికి వచ్చినది. తలుపు తెరచినవాడు బండిని కూడ కదిలించునని ఆశపడితిమి. పూర్వము వైర్లు కలిపి ఇంజను నడిపించుటను మేము చూచియుంటిమి. ఆ డ్రైవరు నవ్వి, "ఇది చిప్పు బండి సార్. వైర్లు కలిపినా ప్రాణం రాదు" అనెను. తల్లిగారిని, పిల్లలను ఆటోలో ఇంటికి పంపితిమి. ఆ రాత్రి కారు సముద్రపు టొడ్డుననే యుండెను. దానికి కాపలా యున్నది ఆ వలల పెద్దాయన కుటుంబము. మేము డబ్బు చూపగా పుచ్చుకొనలేదు.

"ప్రాణము రాదు" అన్న ఆ మాటలో ఎంత సత్యమున్నదో చూతము.

తాళపుచెవి చరిత్రలో చాలకాలము ఇనుపముక్క ఆకారమే దాని రహస్యము. అమెరికాకు చెందిన లైనస్ యేల్ చిన్నవాడు 1861లో తాను మెరుగుపరచిన తాళమునకు హక్కు పొందెను. చిన్నచిన్న కడ్డీలు వేర్వేరు ఎత్తులలో నిలిచియుండగా, తగిన గాడులుగల చెవి దూరినప్పుడే అవి యొక వరుసకు వచ్చి తాళము తిరుగును. మన వీధి తలుపుల తాళములు చాలవరకు ఆ జాతివే. కారును చెవితోనే నడిపించు ఏర్పాటును 1949లో క్రైస్లర్ సంస్థ ప్రవేశపెట్టినది. నాటినుండి అర్ధశతాబ్దికి సమీపముగా కారు చెవికి, పెట్టె చెవికి భేదము లేదు. మన రోడ్లపై 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో అనేకము ఆ తరగతివే. గొడుగు క్రింద ఆకురాయితో కూర్చున్న పనివాడు పావుగంటలో మారు చెవి చేసి యిచ్చెడివాడు. తెలివిగల దొంగయు అట్లే చేసికొనెడివాడు.

దొంగతనములు పెరిగినకొలది తయారీదారులు ఇనుముతో పాటు విద్యుత్తును కూడ కావలి పెట్టిరి. 1986లో కార్వెట్ అను అమెరికా కారు చెవిలో ఒక చిన్న విద్యుత్ నిరోధకమును పొదిగిరి. అట్టివి పదునైదు రకములు మాత్రమే యుండెను. పదునైదును ప్రయత్నించుటకు దొంగకు ఓపిక యుండదా? ఆ లోపమును తీర్చుటకే చిప్పు వచ్చినది. ఐరోపా దేశములలో 1998 అక్టోబరు నుండి క్రొత్త కార్లన్నిటికి ఇంజను కదలకుండ ఆపు ఇమ్మొబిలైజరును తప్పనిసరి చేసిరి. మన దేశమునకును ఆ పద్ధతి క్రమముగా వచ్చి, నేడు సామాన్య కుటుంబములు కొను చిన్న కార్లలో కూడ అది సాధారణమైనది.

రేడియో శ్రోతలకు దీని పనితీరు సులభముగనే బోధపడును. ఏలయన అదియు ఒక చిన్న ప్రసారమే. చెవిని తాళములో పెట్టి త్రిప్పగనే తాళము చుట్టునున్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జుల ప్రాంతమున ఒక అయస్కాంత క్షేత్రమును కల్పించును. మధ్యతరంగ ప్రసారములు 531 మొదలు 1602 కిలోహెర్ట్జుల వరకు నడచును గదా, ఇది వానికంటె చాల దిగువ. చిప్పుకు బ్యాటరీ లేదు. ఆ క్షేత్రమునుండియే తనకు కావలసిన శక్తిని గ్రహించి, ఆ శక్తితోనే బదులు పలుకును. దాని ప్రసారము వినబడు దూరము కొలది అంగుళములు మాత్రమే.

మొదటి తరము చిప్పులు ఎప్పుడడిగినను ఒకే సంఖ్యను చెప్పెడివి. దానిని ఒకమారు విన్నవాడు తానును చెప్పగలడు. తరువాతివి అట్లు కావు. కారు ప్రతిసారియు ఒక క్రొత్త సంఖ్యను పలుకును. చిప్పు తనలోని రహస్యముతో లెక్క కట్టి దానికి తగిన ఉత్తరమిచ్చును. నిన్నటి ఉత్తరము నేటి ప్రశ్నకు చెల్లదు. ఉత్తరము తప్పైనచో ఇంజనుకు ఇంధనమో, నిప్పురవ్వయో అందదు. కోట వాకిట కావలివాడు పూటపూటకు మాట మార్చుచున్నట్లే. అయినను మనుష్యుడు కట్టిన కోటను మనుష్యుడు ఛేదింపకపోడు. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, లక్షలాది కార్లలో వాడుకలోనున్న 40 బిట్ల రహస్యము గల యొక చిప్పును ఛేదించి చూపిరి. తయారీదారులు అంతకంటె గట్టివి చేయుచునే యున్నారు.

ఇక మా కథకు వత్తము. మరునాడు నగరములోని యొక అధీకృత కార్ఖానాకు పోతిమి. దాని పేరు ఇచట అప్రస్తుతము. ఒక్క చెవియైన మిగిలియున్నచో పని తేలిక యనియు, ఏదియు లేనందున కారును లాగించుకొని రావలెననియు, ఛాసిస్ సంఖ్యను బట్టి ఫ్యాక్టరీనుండి చెవి తెప్పించుటకు రెండు వారములు పట్టుననియు, తాళముల జతను సయితము మార్చవలసి రావచ్చుననియు చెప్పిరి. వారు వ్రాసి యిచ్చిన అంచనా మా నెల జీతములో సగమునకు మించియుండెను. రెండు వారములు సముద్రపు ఉప్పుగాలిలో కారు, వారమున కొకమారు వైద్యుని కడకు పోవలసిన తల్లిగారు! అంచనా కాగితమును మడచి జేబులో పెట్టుకొని బయటకు వచ్చితిమి.

ట్రంకురోడ్డులో మాకు తెలిసిన మెకానికు ఒక తాళపుచెవుల పనివానిని చూపెను. ఆయనకు యాభై యేండ్లుండును. తండ్రి ఆకురాయితో చేసిన పనిని ఈయన కంప్యూటరుతో చేయుచున్నాడు. స్కూటరు మీద ఒక పెట్టె, చెవి కోయు చిన్న యంత్రము పెట్టుకొని మైపాడు వచ్చెను. వచ్చీరాగానే ఆయన అడిగినది కారును గాదు, ఆర్.సి.ని. చూచి తిరిగి మా చేతికిచ్చెను.

"ఇందులో పేరు మీది కాదే సార్."

అప్పుడు గాని మా తప్పు మాకు గుర్తు రాలేదు. కొన్న ముప్పది దినములలోపల పేరు మార్పునకు అర్జీ పెట్టుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. ఆరు నెలలైనను మేము పెట్టలేదు. మా ఉద్యోగపు గుర్తింపు కార్డు చూపితిమి. రేడియోలో మా గొంతు విని యుందురని కూడ సూచించితిమి. ఆయన మర్యాదగనే తల త్రిప్పెను. "మీ గొంతు నేను రోజూ వింటాను సార్. గొంతుకు బీగం తియ్యమంటే తీస్తాను. బండికి మాత్రం కాగితం ఉండాలి" అనెను. పాత యజమానికి ఫోను చేయించి, ఆయన చేత అమ్మకపు కాగితము ఫోటో తెప్పించి, ఆర్.సి.లోని సంఖ్యను ఛాసిస్‌పైనున్న సంఖ్యతో సరిచూచి, అటుపిమ్మట పెట్టె విప్పెను. కార్ఖానాలో వినిన పద్ధతియే ఇక్కడను నడచినది. భేదమొక్కటి, అక్కడ అది కౌంటరు వెనుకనున్నది, ఇక్కడ అది మనిషిలోనున్నది.

తలుపు తాళములోనికి సన్నని సాధనమొకటి దూర్చి, గాడుల లోతులను ఒక్కొక్కటిగా చదివి కాగితముపై వేసికొనెను. ఆ లెక్కను బట్టి యంత్రము ఇనుమును కోసినది. తరువాత స్టీరింగు క్రిందనున్న మరమ్మతు ప్లగ్గునకు తన పెట్టెను తగిలించి, క్రొత్త చిప్పును కారుకు పరిచయము చేసెను. పాత చెవిని కారు జ్ఞాపకమునుండి తుడిచివేసెను. ఇక సముద్రము ఆ చెవిని ఏ యొడ్డుకు చేర్చినను, ఇనుము తలుపు తీయవచ్చును గాని చిప్పు ఇంజనును లేపజాలదు. గంటన్నరలో కారు మ్రోగినది. రెండు చెవులు చేయించితిమి. రెండింటికి కలిపి ఆయన పుచ్చుకొన్నది కార్ఖానా అంచనాలో మూడవ వంతునకు లోపుననే.

చివర ఒక నోటుబుక్కు తీసి ఆర్.సి. సంఖ్య, మా పేరు, తేదీ వ్రాసి సంతకము పెట్టుమనెను. ఆ పుస్తకమెందుకని అడిగితిమి. "ఈ పెట్టె దుడ్లున్నవాడు ఎవడైనా కొంటాడు సార్. రేపు పోలీసులొచ్చి అడిగితే నన్ను కాపాడేది ఈ పుస్తకమే. మా నాయన పెట్టిన అలవాటు" అనెను.

దొంగ చేతికి తాళములిచ్చినట్లు కాదా యని శ్రోతలు శంకింపవచ్చును. ఆ రాత్రి మేమును శంకించితిమి. సముద్రపు టొడ్డున గంటన్నరలో చెవి పుట్టించగల విద్య మరియొకని చేతిలో నున్నచో ఏమి గతి? నిజమే. కాని ఆ విద్యను కొందరు కౌంటర్ల వెనుకనే బంధించినచో, దొంగ ఎట్లో సంపాదించుకొనును, నష్టపడువాడు గృహస్థుడే. విద్య ఉండుట వలన కాదు, ఆర్.సి. అడుగనివాని చేతిలో ఉండుట వలన కీడు. కావున మీరు పని యిచ్చు మనిషి మొదట కాగితమడిగినచో విసుగు చెందకుడు. అడుగనిచో మాత్రము మరియొకరిని వెదకుకొనుడు. మనకు కాగితము లేకుండ చేసినవాడు మన కారుకు కాగితము లేనివానికిని చేయును.

ఇక ఖర్చు సంగతి. కారు చెవిలో మూడు వస్తువులున్నవి, మూడింటికి జబ్బులు వేరు, వెలలు వేరు. మొదటిది ఇనుము. అది అరిగినను వంగినను కోత ఖర్చే. రెండవది చిప్పు. అది సాధారణముగ చెడదు, పోవును. మూడవది తలుపులు దూరమునుండి తెరచు రిమోటు. ఇది మన దేశమున సామాన్యముగ 433 మెగాహెర్ట్జుల ప్రాంతమున పలుకును. దానికే బ్యాటరీ కలదు. మీట నొక్కగ తలుపు తీయలేదన్నచో కొన్ని రూపాయల బిళ్ల బ్యాటరీ మార్చి చూడుడు. పై తొడుగు పగిలినచో తొడుగు మాత్రమే కొని, పాత చిప్పును, రిమోటు పలకను అందులోనికి మార్పించుకొనవచ్చును. చిన్న జబ్బునకు క్రొత్త చెవి కొనువారు లేకపోలేదు. చెవిలేకయే మీటతో నడచు కార్లవి మాత్రము వేరు. వాని రిమోటులు ప్రియము, పనియు క్లిష్టము.

తీరవాసులకు ఒక మాట. కృష్ణపట్నము మొదలు ఇసకపల్లి, తుమ్మలపెంట వరకు మన గాలిలో ఉప్పు కలదు. రొయ్యల గుంటల గట్లపై, పడవలపై తిరుగువారి జేబులలో తేమ కలదు. చిప్పు మూసి యుండును గావున దానికి అంత భయము లేదు. రిమోటు లోపలి రాగి మాత్రము పచ్చబారును. చెవి ఉప్పునీట పడినచో వెంటనే విప్పి, బ్యాటరీ తీసి, మంచినీట కడిగి, నీడన బాగుగ ఆరనిచ్చి మరల బిగింపుడు. ఎండలో పెట్టకుడు, పొయ్యి దగ్గర పెట్టకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. పనిచేయు చెవి ఒకటి చేతనుండగా రెండవది చేయించుట వేరు, ఏదియు లేనప్పుడు మొదటిది పుట్టించుట వేరు. మొదటిది కొద్ది ఖర్చు, చాల కార్లకు కొలది నిమిషముల పని. రెండవది అనేక రెట్లు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకు కూలి ఎక్కువ. మీ యింట ఒకే చెవి యున్నచో ఈ వారమే రెండవది చేయింపుడు. చేయించునపుడు ఇది అచ్చునకు అచ్చు నకలా, లేక కారు వేరుగ గుర్తించు క్రొత్త చెవియా యని అడుగుడు. నకలైనచో రెండింటి పేరు కారుకు ఒకటియే. ఒకటి పోయిన నాడు దానిని తుడిపించినచో రెండవదియు పనికిరాకుండ పోవును. వేరుగ గుర్తింపబడు చెవి మేలు.

క్రొత్త కారుతో చెవుల వెంట చిన్న బిళ్లపై ఒక సంఖ్యను ఇత్తురు. దానిని బట్టి ఇనుమును కోయవచ్చును. చాలమంది దానిని గుత్తికే తగిలించి యుంచుకొందురు. గుత్తితో పాటు అదియు పోవును, దొరికినవానికి అదియు దొరకును. దానిని తీసి ఆర్.సి. నకలుతోపాటు బీరువాలో దాచుడు. పాత కారు కొనువారు రెండు చెవులు అడుగుడు, ఈయలేనివారి యొద్ద ఒక చెవి చేయించు ఖర్చు తగ్గించుకొని, కొన్న వెంటనే పాత చెవులన్నిటిని తుడిపించి క్రొత్తవి నమోదు చేయించుడు. లేనిచో ఆ పోయిన రెండవ చెవి ఎవరి జేబులోనున్నదో మీకు తెలియదు. కారు దొంగిలింపబడినచో బీమా సంస్థలు సాధారణముగ చెవులన్నిటిని అప్పగింపుమని కోరును. ఒకటియే చూపినచో ప్రశ్నలు పుట్టును. చెవి పోయినచో ఖర్చు భరించు అదనపు రక్షణను పెక్కు బీమా సంస్థలు అమ్ముచున్నవి. షరతులు చదివి, లాభమున్నచో తీసికొనవచ్చును.

కొన్న వస్తువును మనకు నచ్చినచోట బాగుచేయించుకొను హక్కును గూర్చి లోకమంతట చర్చ జరుగుచున్నది. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, కారు మరమ్మతు సమాచారము బయటి పనివారికి కూడ అందవలెనని తీర్పు చెప్పిరి. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖ 2022 జులైలో ఈ విషయమై ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. అందు చేర్చిన నాలుగు రంగములలో మోటారు వాహనములు ఒకటి. అన్యాయమైన వెల చెప్పిరని తోచినచో 1915 సంఖ్యకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపవచ్చును. అయినను హక్కు గలవారికి బాధ్యతయు కలదు. ఆర్.సి. మన పేర నుండవలెను. ఆ బాధ్యతను మేము మరచి, సముద్రపు టొడ్డున ఒక పనివాని యెదుట తల దించుకొంటిమి.

ఆ మరుసటి వారమే పేరు మార్పునకు అర్జీ పెట్టితిమి. రెండవ చెవి ఇప్పుడు దేవుని గూటిలో కుంకుమ భరిణ ప్రక్కనున్నది. దానిని మా తల్లిగారే అచట పెట్టినారు. కార్తిక మాసమున మైపాడు పోయినపుడెల్ల వలల పెద్దాయనను పలుకరించి వత్తుము. చెవి యింకను తిరిగి రాలేదు గదా యని ఆయన నవ్వును. మీ యింటి రెండవ చెవి ఎక్కడనున్నదో, ఈ ప్రసంగము ముగియగనే లేచి ఒకమారు చూచుకొనుడు.